యూరియా బస్తాకు వేలిముద్ర.. మరి నైట్రేట్ బస్తాకు?

ఒక్క బస్తా యూరియా కోసం మనం ఆధార్ కార్డు పట్టుకుని వరుసలో నిలబడతాం. ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడతాం. మిషన్ మొరాయిస్తే మర్నాడు మళ్లీ వెళ్తాం. పంటకు వేసే ఎరువుకు ఇంత లెక్క ఉంది. ఉండనీ. కానీ మన మిరప చేల పక్కనే క్వారీల్లో రాయిని పేల్చే సరుకు ఎంత వస్తోంది, ఎక్కడ దాస్తున్నారు అన్నది ఊళ్లో ఎవరికీ తెలియదు. ఈ తేడా గురించే ఈ నెల మాట్లాడుకుందాం.

ఆ సరుకుకు మూలం అమ్మోనియం నైట్రేట్. ఇది మన ఎరువుల జాతిదే. తీవ్రమైన వేడి తగిలినా, నూనెల్లాంటివి కలిసినా పేలే ప్రమాదం ఉంటుంది. దేశంలో కొంత తయారవుతుంది, కొంత విదేశాల నుంచి, ముఖ్యంగా రష్యా నుంచి, ఓడల్లో విశాఖ రేవుకు వస్తుంది. అక్కడి నుంచి పేలుడు పదార్థాల ఫ్యాక్టరీలకు, వాటి నుంచి క్వారీలకు చేరుతుంది. చీమకుర్తి, రామతీర్థం, బూదవాడల్లో గెలాక్సీ రాయిని వైరుతో కోసినా, పైనున్న పనికిరాని రాతిని తీయడానికి పేలుళ్లు తప్పవు.

చట్టం లేక కాదు. ప్రమాదకర రసాయనాల దిగుమతిపై 1989 నిబంధనలు ఉన్నాయి. సరుకు ఏమిటి, ఎంత, ఏ రేవుకు వస్తోంది, దాని భద్రతా వివరాలేమిటి అన్నది దిగుమతిదారు ముందుగానే అధికారులకు తెలపాలి. 2011లో అమ్మోనియం నైట్రేట్‌ను పేలుడు పదార్థంగా ప్రకటించి, 2012లో ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. లైసెన్సు లేకుండా దిగుమతి చేయకూడదు, దాచకూడదు, అమ్మకూడదు.

నిబంధన కాగితం మీదే ఉండిపోతే ఏమవుతుందో 2020 ఆగస్టు 4న బీరుట్ చూపించింది. ఏళ్ల తరబడి రేవు గోదాములో పడి ఉన్న 2,750 టన్నులు పేలి 200 మందికి పైగా చనిపోయారు. అప్పుడు మన వాళ్లు చూసుకుంటే, 2015లో కస్టమ్స్ పట్టుకున్న దాదాపు 700 టన్నులు చెన్నై దగ్గర కంటైనర్లలోనే ఉన్నాయి! హడావుడిగా హైదరాబాద్ తరలించారు. 2021లో నిబంధనలు సవరించి, బస్తాల్లోనే దిగుమతి చేయాలన్నారు, పట్టుబడిన సరుకును వేలం వేసే వీలు కల్పించారు.

రేవు దగ్గర పట్టు బిగిసింది. ఊరి దగ్గర బిగియలేదు. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. అదీ దిగుమతి సరుకే. పెద్ద ప్రమాదం జరిగే అవకాశమున్న చోట చుట్టుపక్కల జనానికి ముందుగా చెప్పాలని 1989 నిబంధనల్లోనే ఉంది. వెంకటాపురం జనం మాత్రం నిద్రలోనే ఆ గాలి పీల్చారు. మరుసటి ఏడాది మే 8న కడప జిల్లా మామిళ్లపల్లెలో ముగ్గురాయి క్వారీ వద్ద జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పది మంది కూలీలు బలయ్యారు. సరుకు చివరికి చేరేది క్వారీ గుంటకే. ప్రాణాలు పోయేదీ అక్కడే.

క్వారీలు మూసేయమని మేం అనడం లేదు. మన పిల్లలే అక్కడ పనికి వెళ్తున్నారు. మనకు వేసిన లెక్కే వాళ్లకూ వేయమంటున్నాం:

1. ప్రతి క్వారీ గేటు వద్ద పేలుడు పదార్థాల లైసెన్సు నంబరు, గడువు, నిల్వ పరిమితి తెలుగులో బోర్డు పెట్టాలి.

2. పేలుళ్ల వేళలు పంచాయతీలో ప్రకటించాలి. చేలో కలుపు తీసే ఆడవాళ్లకు వినబడేలా సైరన్ మోగించాలి.

3. పేలని సరుకులోని నైట్రేట్ నీటిలో కరుగుతుంది. క్వారీ గుంటల నుంచి తోడి వదిలే నీటిని, పక్క బోర్ల నీటిని పరీక్షించి ఫలితాలు గ్రామసభలో చదవాలి. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మన యూరియా వల్ల కూడా నైట్రేట్ చేరుతుంది. ఎవరి వాటా ఎంతో తేలనివ్వండి, మాకు అభ్యంతరం లేదు.

4. నిర్ణీత పరిమాణానికి మించి ప్రమాదకర పదార్థాలు ఉంచేవారు 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం కింద బీమా తీసుకోవాలి. ఎవరెవరు తీసుకున్నారో కలెక్టర్ ప్రకటించాలి. ప్రమాదంలో ప్రాణం పోయినా, ఆస్తి పోయినా ఐదేళ్లలోగా కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. తప్పు ఎవరిదో బాధితుడు నిరూపించనక్కర్లేదు. ఈ సంగతి మన గ్రామాల్లో ఎంతమందికి తెలుసు?

గ్రామ కమిటీలు ఈ నెలలోనే సమాచార హక్కు చట్టం కింద తమ పరిధిలోని క్వారీల లైసెన్సుల నకళ్లు అడగాలి. 30 రోజుల్లో జవాబివ్వడం అధికారుల బాధ్యత. వచ్చిన జవాబులు, రాని జవాబులు రెండూ పట్టుకుని సోమవారం గ్రీవెన్స్‌కు ఒంగోలు వెళ్దాం. మన వేలిముద్ర వాళ్ల దగ్గర ఉంది. వాళ్ల లెక్క మన దగ్గర ఉండాలి.