మగవాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది

ఈ వారం మేం చెప్పే సంగతి వినడానికి కాస్త సిగ్గనిపిస్తుంది. అయినా చివరిదాకా చదవండి. చదవడం రాని వాళ్లు పక్క బంకు మీద ఉంటే వాళ్లకూ వినిపించండి.

ఆఫీసులో మా పని ఏమిటో మీకు తెలుసు. ఇన్సూరెన్స్ కాగితాలు, చుట్టీ ఫారాలు, టికెట్లు. ఒకసారి మా టేబుల్ మీదికి ఒక షట్టరింగ్ కార్పెంటర్ అన్న కాగితం వచ్చింది. వయసు యాభై దాటింది. జబ్బు పేరు దగ్గర రొమ్ము క్యాన్సర్ అని రాసి ఉంది. మేం ముగ్గురం చూసి నవ్వుకున్నాం. ఎవరో ఆడమనిషి కాగితం మీద ఈయన పేరు పడిందనుకుని, సరిచేసి పంపండి అని తిప్పి పంపేశాం. వారం తర్వాత అదే కాగితం, అదే మాటతో తిరిగి వచ్చింది. తప్పు కాగితంలో లేదు, మాలో ఉంది. మా తెలివితక్కువతనానికి ఆయన వైద్యం వారం ఆలస్యమైంది. ఆ బాధతోనే డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

మన భాషలో మగవాణ్ణే రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు అంటాం. ఆ రొమ్ముకు జబ్బు చేసిందంటే మాత్రం నోరు మెదపం. మగవాడి చనుమొన వెనకాల కూడా ఆడవాళ్లకు ఉండే కణజాలమే కొద్దిగా ఉంటుంది. అందులో క్యాన్సర్ పుట్టవచ్చు. ఇది అరుదే. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి 100 మందిలో సుమారు ఒక్కరు మగవాళ్లు. ఎక్కువగా అరవై దాటిన వాళ్లలో కనిపిస్తుంది గానీ, అంతకంటే చిన్న వయసులోనూ వస్తుంది.

గుర్తులు ఇవి. చనుమొన కింద గానీ పక్కన గానీ గట్టి గడ్డ, ఎక్కువగా ఒక వైపే. చాలాసార్లు నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే పెద్ద పొరపాటు. చనుమొన లోపలికి లాక్కుపోవడం, దాని నుంచి రక్తం లేదా నీరు రావడం, పుండు మానకపోవడం, చంకలో గడ్డ. వీటిలో ఏది ఉన్నా చూపించుకోవాలి. మగవాళ్లకు అక్కడ కండ తక్కువ. కాబట్టి చిన్న గడ్డ కూడా చర్మానికీ, ఛాతీ కండరానికీ తొందరగా తగులుకుంటుంది.

అలాగని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. ఎక్కువమందిలో అది మామూలు వాపే. వయసు వల్ల, కొన్ని మందుల వల్ల, తాగుడుతో లివర్ చెడిపోవడం వల్ల, బాడీ పెంచాలని జిమ్ కుర్రాళ్లు తీసుకునే స్టెరాయిడ్ ఇంజక్షన్ల వల్ల కూడా రొమ్ము ఉబ్బుతుంది. ఏది ఏమిటో మనం చేత్తో నొక్కి తేల్చలేం. మగవాళ్లకు కూడా మామోగ్రామ్, స్కానింగ్ తీస్తారు. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తేల్చేది ఆ ముక్కే.

ఇక అసలు ప్రశ్న. వైద్యం చేయించుకుంటే బతుకుతామా? తొందరగా వెళ్తే, చాలామంది బతుకుతారు. అమెరికా లెక్కల ప్రకారం, జబ్బు రొమ్ము దాటకముందే దొరికిన మగవాళ్లలో 100కి 90 మందికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. చంక గ్రంథుల దాకా పోయాక దొరికినా 80 మందికి పైగా దాటుతున్నారు. ఎముకలకూ ఊపిరితిత్తులకూ పాకాక దొరికితేనే ఆ సంఖ్య బాగా పడిపోతుంది. అక్కడి సెనేటర్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ బ్రూక్‌కు 2002లో, 82 ఏళ్ల వయసులో ఈ జబ్బు బయటపడింది. ఆపరేషన్ చేయించుకున్నాడు. దాచుకోకుండా మగవాళ్లందరికీ చెప్పాడు. 2015 దాకా, 95 ఏళ్లు బతికాడు.

వైద్యం ఆడవాళ్లకు చేసినట్టే ఉంటుంది. ఆపరేషన్, అవసరమైతే కరెంటు, కీమో. మగవాళ్లలో ఎక్కువమందికి టామాక్సిఫెన్ మాత్ర పనిచేస్తుంది. సాధారణంగా ఐదేళ్లు వేసుకోవాలి. ఖరీదైన మాత్ర కాదు. దీనివల్ల ఒంట్లో ఆవిర్లు, బరువు పెరగడం, భార్య మీద కోరిక తగ్గడం ఉండవచ్చు. అందుకే కొందరు చెప్పకుండా మానేస్తారు. మానొద్దు, డాక్టరుకు చెప్పండి. కాలు వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే వెళ్లండి. రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

ఇంకో మాట మన ఆడపిల్లల కోసం. కొందరికి ఈ జబ్బు వంశపారంపర్యంగా, బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం వల్ల వస్తుంది. గాయని బియాన్సే తండ్రి మాథ్యూ నోల్స్ 2019లో తనకు అలాగే వచ్చిందని బయటికి చెప్పాడు. ఆ లోపం ఉన్న తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, అది వచ్చే అవకాశం సగానికి సగం. మీ అమ్మకో, అక్కచెల్లెళ్లకో రొమ్ము లేదా అండాశయం క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మా కార్పెంటర్ అన్న పది నెలలు గడ్డను బనియన్ కింద దాచాడు. రూమ్‌లో నవ్వుతారని, ఓవర్‌టైమ్ పోతుందని. ఆయన ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు. ఆపరేషన్ అయింది, మాత్ర వేసుకుంటున్నాడు. ఫోన్ చేస్తే ఒకటే అన్నాడు: "నవ్వుకుంటే నవ్వుకోనీయండి తమ్మీ, ముందే చూపించుకుంటే బాగుండు."

క్లినిక్కుకు వెళ్తే ఛాతీ నొప్పి అనకండి, గుండె పరీక్ష చేసి పంపేస్తారు. "నిపుల్ కే నీచే గాంఠ్ హై" అని చెప్పండి, చొక్కా విప్పి చూపించండి. రిపోర్టులన్నీ కాపీ తీసి పెట్టుకోండి. ఇంటికి వెళ్లాల్సి వస్తే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ వైద్యం ఉంది. రేషన్ కార్డులో మీ పేరు ఉందో లేదో ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి.

ఇది అంటుకునే జబ్బు కాదు. ఒకే ప్లేటులో తిన్నా పక్కవాడికి రాదు. నెలకోసారి స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో రెండు వైపులా, చంకల్లో తడిమి చూసుకోండి. గడ్డ తగిలితే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాగితం మా దగ్గరికి వస్తే, ఈసారి మేం నవ్వం. ఆ రోజే పంపిస్తాం.