రెండు బాటిళ్లు తెచ్చుకోండి

"ఒంట్లో రక్తం లేదమ్మా, రెండు బాటిళ్లు తెచ్చుకోండి." ఆపరేషన్ ముందురోజు మన పేటల ఆడవాళ్లు వినే మాట ఇది. ముందురోజే ఎందుకు తెలిసింది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. గర్భసంచులు తీసేయడంలోనూ మన రాష్ట్రం దేశంలో ముందువరసే. అంటే రక్తం లేని ఒళ్లనే బల్ల ఎక్కిస్తున్నారు. చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది, ఆసుపత్రిలో రోజులు పెరుగుతాయి. కూలి పోతుంది, అప్పు మిగులుతుంది.

మా వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుతారు. ఐరన్ మాత్రలు పనిచేయడానికీ దాదాపు అంతే కాలం కావాలి. తొందరలేని ఆపరేషన్‌కి ఏడు వారాల ముందే రక్తం పరీక్షించి మందివ్వడానికి ఏం అడ్డం? మాత్రలు పడకపోతే నరానికి ఐరన్ ఎక్కించే మందుంది.

"మీరు సరిగ్గా తినరు" అంటారు. ఒంటికి బాగా పట్టే ఇనుము మాంసంలో, కార్జంలో ఉంది. పెద్దమాంసం తిన్నామని ఈసడించిందీ మీరే, తిండి గురించి నీతులు చెప్పేదీ మీరేనా?

అక్కల్లారా, తేదీ రాసేరోజే డాక్టర్ని అడగండి: నా హిమోగ్లోబిన్ ఎంత? తక్కువైతే ఎందుకు తగ్గింది? ఎన్నాళ్లు మందు వాడాలి?

జై భీమ్.