మళ్లీ బడికి

"అంటే, తొమ్మిదేళ్లు ఖాళీగా ఉన్నారన్నమాట!"

ఇంటర్వ్యూలో కరస్పాండెంటుగారు అన్న మొదటి మాట ఇది. ఖాళీగానట! ఇద్దరు పిల్లల్ని పెంచి, మంచాన పడ్డ అత్తగారికి మూడేళ్లు చాకిరీ చేసినదాన్ని, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతకుముందు ఆరేళ్లు లెక్కల టీచరుగా చేశానండీ అంటే, "కాగితం ఉందా?" అన్నారు. లేదు. మానేసిన రోజున సర్వీసు సర్టిఫికెట్టు రాయించుకోవాలని తోచలేదు. ఆ బడి ఇప్పుడు మూతపడింది. దాంతో కొత్తగా చేరేవాళ్లకిచ్చే జీతమే నాకూ ఖాయం చేశారు. ఒప్పుకున్నాను. తప్పు చేశానేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

క్లాసులో నల్లబల్ల లేదు, డిజిటల్ బోర్డు ఉంది. దాని కిటుకు ఓ కుర్రాడు నేర్పాడు, ఒక్క పీరియడ్‌లో వచ్చేసింది. రానిది గొంతే! నాలుగో పీరియడ్‌కల్లా బొంగురుపోయేది. వారం రోజులు ఉప్పునీళ్లు పుక్కిలించాను. కానీ భిన్నాలు అనగానే బిక్కమొహం వేసిన ఆరో తరగతి పిల్లకి, అట్టును ముక్కలు చేసినట్టు బొమ్మ గీసి చెబితే ఇట్టే పట్టేసింది. మా చిన్నవాడికి టిఫిన్ పెడుతూ పట్టుకున్న ఉపాయమది. ఆ 'ఖాళీ' ఏళ్లలోనే సుమండీ!

ప్రభుత్వ టీచర్లకు ప్రసూతి సెలవుంది, శిశు సంరక్షణ సెలవుంది. తిరిగొస్తే సర్వీసు చెక్కుచెదరదు. నాకు దక్కింది రాజీనామా కాగితమే. ఐదేళ్లు ఏకబిగిన చేస్తే ప్రైవేటు టీచర్లకూ గ్రాట్యుటీ హక్కుందని, 2009లో చేసిన సవరణ దాన్ని 1997 నుంచే వర్తింపజేసిందని మానేసేనాడు నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మీలో ఎవరైనా మళ్లీ బడికి వెళ్లాలనుకుంటుంటే బీరువా ఒకసారి వెతకండి. బి.ఇడి.కి కాలదోషం లేదు. టెట్ సర్టిఫికెట్టు ఒకప్పుడు ఏడేళ్లే చెల్లేది. 2021 జూన్‌లో కేంద్రం దాన్ని జీవితకాలానికి మార్చి, 2011 నుంచి పాసైనవాళ్లకూ వర్తింపజేసింది. గడువు తీరిందని మూలన పడేసింది ఉంటే దులపండి.

నా బీరువాలో పాత బ్యాంకు పాసుపుస్తకం దొరికింది. ఆరేళ్లూ నెలనెలా జీతం పడిన తేదీలున్నాయి అందులో. జిరాక్సు తీయించి ఉంచాను. సోమవారం కరస్పాండెంటుగారి బల్లమీద పెడతాను.