తాళాల చదువు చాలు, ఉత్తరాల చదువు మొదలుపెట్టండి

కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు, అధ్యాపకులకు, సిలబస్ రాసే పెద్దలకు:

పరీక్ష ఫలితాల రోజున జరిగేది ఏటా చూస్తున్నదే. ప్రకటించిన గంటకు లక్షల మంది హాల్‌టికెట్ నంబరు కొడతారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, కాసేపటికి సైటు చేతులెత్తేస్తుంది. అదే నిమిషంలో అదే పిల్లలు, అవే ఫోన్లలో, ‘నీకొచ్చిందా?’ అని వాట్సాప్‌లో ఒకరినొకరు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్న మాత్రం ఎక్కడా ఆగదు. రద్దీ ఎక్కువైందన్న సంజాయిషీ ఇక్కడే వీగిపోతుంది. వాట్సాప్‌కు లేని రద్దీనా? దాని సర్వర్లను ఎర్లాంగ్ అనే ఫంక్షనల్ భాషలో కట్టారు. 2012 జనవరి నాటికే ఒక్క సర్వర్ మీద 20 లక్షలకు పైగా కనెక్షన్లు నిలబెట్టారు. 2014లో ఫేస్‌బుక్ ఆ కంపెనీని కొనేటప్పటికి వాడేవాళ్లు 45 కోట్ల మంది, ఇంజనీర్లు 32 మంది. మన రెండు రాష్ట్రాల్లో ఏటా పట్టా పుచ్చుకునే కంప్యూటర్ ఇంజనీర్లలో ఈ భాష పేరైనా విన్నవాళ్లు ఎందరు?

వాళ్లు విన్నదేమిటో ఆపరేటింగ్ సిస్టమ్స్ నోటుపుస్తకం తెరిస్తే తెలుస్తుంది. గుండ్రటి బల్ల, చుట్టూ అయిదుగురు ఫిలాసఫర్లు, మధ్యలో అయిదు ఫోర్కులు. 1965లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా పరీక్ష కోసం కట్టిన లెక్కకు వేసిన ఈ బొమ్మనే ఇప్పటికీ దిద్దుతున్నారు. డెడ్‌లాక్‌కు నాలుగు షరతులు వైవాలో గడగడా అప్పజెబుతారు. ఆ ఫోర్కులు ఉమ్మడిగా ఎందుకుండాలని మాత్రం ఎవరూ అడగరు. ఉమ్మడితో చిక్కేమిటో చూడండి. రెండు థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే పనులు, పంచుకునే కౌంటర్‌కు ఒకటి కలపమని రాసే ఒక్క వరుస యంత్రానికి మూడు పనులు: ఉన్న విలువ చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం. విలువ 41 ఉందనుకోండి. మొదటి థ్రెడ్ 41 చదివి 42 రాసేలోగా రెండోదీ 41 చదివేసింది. రెండూ 42 అనే రాశాయి. రెండు కలవాల్సిన చోట ఒకటే కలిసింది. దీన్నే రేస్ కండిషన్ అంటారు. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం ఆగదు. ల్యాబ్‌లో ఎన్నిసార్లు నడిపినా సరిగ్గానే రావచ్చు, రద్దీ రోజున తప్పుతుంది. దీనికి మనం నేర్పే మందు తాళం. వేయడం మరిస్తే లెక్క తప్పుతుంది, రెండు తాళాలు తారుమారుగా వేస్తే డెడ్‌లాక్‌లో పడి ప్రోగ్రాం బిగుసుకుపోతుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత తెలిసిన జాతికి ఉమ్మడి మెమరీ ప్రమాదం వేరే చెప్పాలా?

ఇది మార్కుల గొడవ అనుకుంటే పొరపాటు. థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం 1985-87 మధ్య ఆరుగురు రోగుల మీద ప్రమాదకరమైన మోతాదు కుమ్మరించింది, వాళ్లలో కొందరు చనిపోయారు. ఆపరేటర్ చకచకా కీలు కొట్టినప్పుడు బయటపడ్డ రేస్ కండిషన్ అందులో దొరికింది. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్ల మంది చీకట్లో పడ్డారు. తీగలు చెట్లకు తగిలాయి, నిజమే. కానీ అంతకు ముందే ఒహైయోలోని కంట్రోల్ రూంలో అలారం సాఫ్ట్‌వేర్ ఇలాంటి లోపంతోనే మూగబోయింది. ఎదురుగా కూర్చున్న ఆపరేటర్లకు గంటకు పైగా ఆ సంగతే తెలియలేదు. ఇన్ని జరిగాక కూడా తాళమొక్కటే దారన్నట్టు నేర్పడం అమాయకత్వం కాదు, బద్ధకం.

మరో దారి 1986లోనే మొదలైంది. స్టాక్‌హోంలో ఎరిక్సన్ ల్యాబ్‌లో జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎర్లాంగ్‌ను తయారుచేశారు. ఒక కాల్ తెగితే పక్క కాల్ తెగకూడదన్నది వాళ్ల పట్టు. అందుకే ఇందులో వేరియబుల్‌కు ఒకసారి విలువ ఇస్తే మారదు. ప్రతి ప్రాసెస్‌కూ సొంత మెమరీ, సొంత మెయిల్‌బాక్స్. పక్కవాడి మెమరీలో చేయి పెట్టే వీలే లేదు, మెసేజ్ అనే ఉత్తరం రాయాల్సిందే. మన కౌంటర్ ఇక్కడ ఒక ప్రాసెస్. ఒకటి కలపమని రెండు ఉత్తరాలొస్తే ఒకదాని తర్వాత ఒకటి విప్పుతుంది, 41 కాస్తా 43 అవుతుంది. తాళం మాటే లేదు. ఒక్కో ప్రాసెస్ రెండుమూడు కిలోబైట్లతో మొదలవుతుంది కాబట్టి ఒకే యంత్రంలో లక్షలు ఇముడుతాయి. ఏదైనా చచ్చిపోతే దాన్ని కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్ కొత్తదాన్ని లేపుతుంది, మిగతావాటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఫలితాల సైటు పడిపోవడానికి డేటాబేస్, నెట్‌వర్కు, బడ్జెట్టు అని సవాలక్ష కారణాలు చెబుతారు. ఉండవచ్చు. ఒకడి తప్పు అందరినీ ముంచకుండా కట్టడం నేర్పారా అన్నదే మా ప్రశ్న. జావాలోనూ 2023 నుంచి వర్చువల్ థ్రెడ్లున్నాయి కదా అంటారు. థ్రెడ్లు చవకయ్యాయి, మెమరీ ఇంకా ఉమ్మడిదే. ఎర్లాంగ్‌లోనూ ఇద్దరు ఒకరి జవాబు కోసం ఒకరు కాచుక్కూర్చోవచ్చు కదా అంటారు. కూర్చోవచ్చు, అందుకే అక్కడ మామూలుగా అడిగే ప్రశ్నకు అయిదు సెకన్ల గడువుంటుంది. లూపులు లేవు, రికర్షన్ కష్టం అంటారు. ఈఏపీసెట్ గట్టెక్కిన బుర్రకు అదొక కష్టమా? ఇక ఉద్యోగాలు లేవన్న మాట. 1998లో ఎరిక్సన్‌లోనే యాజమాన్యం, అందరూ వాడే భాషలే వాడాలంటూ కొత్త ఉత్పత్తుల్లో ఎర్లాంగ్ వద్దంది. అదే ఏడాది డిసెంబరులో అది ఓపెన్ సోర్స్ అయింది. పదకొండేళ్లకు వాట్సాప్ పుట్టింది. మంది వెంట నడిచినవాళ్లకు కూలి దొరికింది, నడవనివాళ్లు కంపెనీ కట్టారు.

బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలారా, బీటెక్ మూడో ఏడాదిలో ఒక్క సెమిస్టర్ దీనికి కేటాయించండి. ల్యాబ్‌లో ప్రతి విద్యార్థి చేత ఒక చాట్ సర్వర్ కట్టించండి. వైవాలో నిర్వచనాలు అడగవద్దు. నడుస్తున్న సర్వర్‌లో ఒక ప్రాసెస్‌ను ఎగ్జామినర్ చంపాలి, మిగతా సంభాషణలు ఆగకుండా సాగితేనే మార్కులు వేయాలి. విద్యార్థులారా, సిలబస్ మారేదాకా కూర్చోవద్దు. ఎర్లాంగ్ రాత కొత్తగా అనిపిస్తే అదే వర్చువల్ మెషీన్ మీద నడిచే ఎలిక్సిర్‌తో మొదలుపెట్టండి. రెండూ ఉచితమే, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తాయి. వచ్చే ఫలితాల రోజుకు ఏడాది కూడా లేదు.