మూసీ ఒడ్డున మూడు కిలోమీటర్లు

డిసెంబరు వచ్చిందంటే చాలు, మన కాలేజీలో ఒకటే చర్చ. ఈసారి ఎక్స్‌కర్షన్ ఎక్కడికి? ఊటీ అని ఒకరు, గోవా అని ఇంకొకరు, అంత డబ్బు ఎవడి దగ్గరుందని మరొకరు. చివరికి ఏదో ఒక బస్సు మాట్లాడుకుని, రాత్రంతా పాటలు పాడి, తెల్లారేసరికి నిద్రమొహాలతో ఎక్కడో దిగి, ఫోటోలు దిగి తిరిగొస్తాం. అది తప్పని నేననను. ఈ వయసులో ఆ మాత్రం సంబరం లేకపోతే ఇంకెప్పుడు? కాని మిత్రులారా, ఒక్క ప్రశ్న. ఏళ్ల తరబడి ఏ ఊళ్లో ఉంటున్నామో, ఏ నదిని దాటి పాతబస్తీకి వెళ్లి వస్తున్నామో, ఆ ఊరినీ ఆ నదినీ మనలో ఎందరం చూశాం? బస్సు కిటికీలోంచి ముక్కు మూసుకుని చూడడం చూడడం కాదు గదా!

ఈ ప్రశ్న నాకు 2025 సెప్టెంబరు 26 రాత్రి పుట్టింది. దసరాకు ఊరికని బయలుదేరిన మా గది మిత్రుడొకడు, రెండు గంటల తర్వాత నిలువునా తడిసి, సంచీ నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చాడు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ వచ్చేసిందట. లోపల చిక్కుకున్న ప్రయాణికులను తాళ్లు కట్టి బయటికి తెస్తున్నారట. "ఎంత వానైతే మాత్రం, నది బస్టాండులోకి రావడమేమిట్రా!" అని వాడు ఆశ్చర్యపోతుంటే, పక్కగదిలో ఉర్దూ చదువుకునే మిత్రుడు తాపీగా అన్నాడు - "అది నదిలోని లంకే గదా భాయ్. ఇమ్లీబన్. చింతలతోపు. నది బస్టాండులోకి రాలేదు, బస్టాండే నదిలోకి వెళ్లింది."

నేను వికారాబాదు వైపు వాణ్ణి. మూసీ పుట్టింది మా అనంతగిరి కొండల్లోనే. మా దగ్గర వాన పడితే ఆ నీళ్లు ఎటు పోతాయో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. అయినా ఎన్నోసార్లు ఆ బస్టాండులో దిగి కూడా ఆ పేరుకు అర్థమేమిటని ఒక్కసారి అడగలేదు. సిగ్గేసింది. సెలవులు అయిపోయాక ఒక ఆదివారం పొద్దున ఒక కాగితం, ఒక పెన్సిలు పట్టుకుని పురానాపూల్ నుంచి ఇమ్లీబన్ దాకా నడిచాను. దారి సుమారు మూడు కిలోమీటర్లు. టిక్కెట్టు లేదు, గైడు లేడు. నిలబడి చూసుకుంటూ, అడుగుకొకరిని అడుగుతూ, రెండు చోట్ల చాయ్ తాగుతూ నడిస్తే మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో నేర్చుకున్నది తరగతిలో నేర్చుకోలేదంటే అధ్యాపకులు కోప్పడకూడదు.

పురానాపూల్ 1578లో కట్టిన వంతెన. కట్టించినవాడు ఇబ్రహీం కుతుబ్‌షా. కొడుకు మహమ్మద్ కులీ భాగమతి కోసం వరదలో నదికి ఎదురీదాడని, అది చూసి తట్టుకోలేక తండ్రి వంతెన కట్టించాడని అందరూ చెప్పే కథ. వినడానికి బాగుంటుంది. కాని కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తయ్యేనాటికి అతనికి పన్నెండు, పదమూడేళ్లు! ఆ వంతెన మీద నిలబడి ఈ లెక్క మనంతట మనం వేసుకుంటే కలిగే ఆనందం వేరు. కథను పారేయమని కాదు. కథను కథగా, తేదీని తేదీగా చూడడం నేర్చుకుంటాం. ఇంతకీ ఆ వంతెనకు ఎన్ని కమానులు? నేను చెప్పను. వెళ్లి లెక్కపెట్టుకోండి.

అక్కణ్ణించి దక్షిణపు ఒడ్డునే తూర్పుగా నడిస్తే సిటీ కాలేజీ, దాని పొరుగునే హైకోర్టు కనిపిస్తాయి. నయాపూల్ దాటితే అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ఎంత అందమైన భవనాలు! నవాబుల వైభవమని మురిసిపోతాం. కాని నది పక్కన, ఊరి నడిబొడ్డున, ఇంతింత పెద్ద భవనాలకు జాగా ఎలా దొరికింది? ఈ ప్రశ్న ఏ గైడూ వేయడు. నడిచేవాడికి తడుతుంది. జవాబు 1908 సెప్టెంబరు 28న ఉంది.

ఆనాడు మూసీకి వచ్చిన వరద ఊరిని ఊడ్చేసింది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. మూడు వందల ముప్ఫై ఏళ్ల పురానాపూల్ మాత్రం నిలబడింది. ఒడ్డునున్న కోల్సావాడీ వంటి బస్తీలు నేలమట్టమయ్యాయి. చనిపోయినవాళ్లు పదిహేనువేల మంది దాకా ఉంటారని అంచనా. ఉర్దూ రుబాయీలకు పేరుపడ్డ అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, బిడ్డనూ ఆ వరదలోనే పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. వరద కడిగేసిన ఈ ఒడ్ల మీదే కొత్త రోడ్లు, తోటలు, భవనాలు లేచాయి. హైకోర్టు 1920లో తెరిచారు. మనం ఫోటోలు దిగే ఆ గుమ్మటాలు శ్మశానం మీద లేచినవన్నమాట.

ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. రోగుల బంధువులకు అడ్డం రాకుండా వెళ్లి చూడండి. అప్పట్లో అక్కడొక తోట. వరదనాడు ఆ చెట్టెక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ సంగతి చెప్పే ఫలకం కూడా ఉంది. నేను వెళ్లినప్పుడు ఒక ముసలాయన ఆ నీడన కూర్చుని టిఫిను డబ్బా విప్పుకుంటున్నాడు. "ఈ చెట్టు సంగతి తెలుసా, తాతా?" అని అడిగాను. "తెల్వకేం బిడ్డా! మా తాత చెప్పేటోడు. రాళ్లు కట్టినోళ్లు పోయిండ్రు, కొమ్మ పట్టుకున్నోళ్లు బతికిండ్రు" అన్నాడు. ఏ గ్రంథంలో దొరుకుతుందండీ ఈ మాట!

1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగాయని ఆయన లెక్క తేల్చాడు. అంటే ముంచింది నది ఒక్కటే కాదు, తెగిన చెరువులు కూడా. ఆయన సలహా మీదనే మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట అంటే మనకు పిక్నిక్. కాని అది ఊరి మీదికి వరద రాకుండా కట్టిన అడ్డుగోడ. ఆ గోడ వెనుక నీళ్లు నిండితే గేట్లు ఎత్తక తప్పదు. ఎత్తిన నీళ్లు తమ పాత దారినే వస్తాయి. ఆ దారిలో మనమేం కట్టుకున్నామో నీళ్లకు తెలియదు. మనకు తెలిసి ఉండాలి.

నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. నేలను చదవడం రాని చదువు ప్రాణం మీదికి తెస్తుంది. రేపు మనం ఇంజనీర్లమవుతాం, ఆఫీసర్లమవుతాం, అప్పు చేసి ఇల్లు కొనుక్కుంటాం. ఆ జాగా ఒకప్పుడు చెరువా, నాలానా అని అడిగే అలవాటు ఇప్పుడు రాకపోతే ఎప్పుడొస్తుంది? మూసీని బాగుచేయాలని కొందరు, ఒడ్డున పేదల ఇళ్లు కూల్చవద్దని కొందరు 2024 నుంచి వాదించుకుంటున్నారు. మన క్యాంటీనులోనూ బల్లలు గుద్దుకున్నాం. కాని ఆ ఒడ్డున ఒక్క గంట నడిచినవాడు మా బల్ల దగ్గర ఒక్కడూ లేడు, నాతో సహా!

ఆక్షేపణలు నాకు తెలుసు. ఆ కంపులో నడకేమిటంటారు. ఆ కంపులో మన హాస్టళ్ల వాటా ఎంతో కూడా తెలుసుకోవద్దూ? ఇది కడుపు నిండినవాళ్ల కాలక్షేపమంటారు. వరద వస్తే ముందు మునిగేది ఒడ్డున గుడిసె వేసుకున్నవాడే. వాడి గడప ముందు నుంచి నడవడం కాలక్షేపం కాదు. అమ్మాయిలెలా వెళ్తారంటారు. అది అమ్మాయిలనే అడగాలి. కమిటీలో వాళ్లూ ఉండి, దారీ వేళా వాళ్లే నిర్ణయిస్తే సరి. లెక్చరర్ గారు వెంట ఉంటే బాగుండదా అనేవారూ ఉన్నారు. ఉంటే బాగానే ఉంటుంది. కాని ఆయన చూపించిందే చూస్తాం, ఆయన ఆగినచోటే ఆగుతాం. ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురుగానో వెళ్తే తాతతో మాట్లాడే తీరిక ఉంటుంది.

కాబట్టి యూనియన్ మిత్రులకు నా విన్నపం. ఎక్స్‌కర్షన్ మానవద్దు. ఆ బస్సు కిరాయిలో ఒక చిన్న వంతు తీసి, నాలుగు మడతల కాగితం ఒకటి అచ్చు వేయించండి. దారి పటం, ఆగవలసిన ఎనిమిది చోట్లు, ఒక్కొక్క చోట నాలుగు వాక్యాలు, ఒక ప్రశ్న. అంతే. చరిత్ర విద్యార్థులు తేదీలు సరిచూడాలి. భూగర్భశాస్త్రం వాళ్లు నది అడుగున కనబడే రాళ్ల సంగతి చెప్పాలి. ఉర్దూ మిత్రులు శాసనాలు చదివి పెట్టాలి. తెలుగు శాఖవారు అందరికీ అర్థమయ్యేలా రాయాలి. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆ కాగితాన్ని నమూనాగా తీసుకుపోయి, సెలవుల్లో తమ ఊరి చెరువుకట్ట మీద, కోటగోడ మీద నడిచి ఇంకో కాగితం తయారుచేసుకురావాలి. నేను అనంతగిరి కాగితం రాస్తానని ఇక్కడే మాట ఇస్తున్నాను.

మొదటి నడక వచ్చే సెప్టెంబరు 28న పెట్టుకుందాం. ఉపన్యాసాలొద్దు, పూలదండలొద్దు. ఎవరి కాగితం వాళ్లు పట్టుకుని పురానాపూల్ నుంచి బయలుదేరి, చింతచెట్టు దగ్గర కలుసుకుందాం. టిఫిను డబ్బాలు తెచ్చుకోండి. చాయ్ ఖర్చు నాది.