హిసాబు ఫైలు కూడా అమానతే

ముసునూరు, నూజివీడు వైపు మామిడి సీజనంటే హిసాబే. తోటకిచ్చిన బయానా, కాయ తూకం, కూలీ, లారీ కిరాయి, రైతుకి ఇంకా ఇవ్వాల్సిన బాకీ. ఇదంతా కంప్యూటర్లో యాక్సెస్‌లో రాసుకునే భాయిలకు నాదొక మాట. ఆ ఫైలు తెరుచుకోకపోతే ప్రమాదంలో పడేది రైతు హఖ్.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరె బఖరా 282, ఖర్జ్ రాసిపెట్టుకోవడం గురించే. రాసినదాన్ని కాపాడుకోవడం కూడా ఆ జిమ్మేదారీలో భాగమేనని నా ఖయాల్.

ఫైలు మొరాయిస్తే ముందు నకలు తీయండి. 'కంపాక్ట్ అండ్ రిపేర్' ఆ తర్వాతే. "వేరేవాళ్లు వాడుతున్నారు" అని వస్తే అన్ని కంప్యూటర్లలో మూసేయండి. అప్పటికీ పక్కన ఎల్ఏసీసీడీబీ ఫైలు మిగిలితే తీసేయొచ్చు. అది తాళం మాత్రమే, హిసాబు అందులో ఉండదు. ఫైలు 2 జీబీ దాటలేదు. కాటా చీటీల ఫొటోలు అందులో కుక్కకుండా విడిగా ఫోల్డర్లో పెట్టండి. వైఫై మీద పనిచేస్తుంటే మధ్యలో కనెక్షన్ తెగి ఫైలు ఖరాబు కావచ్చు, వైరు కనెక్షనే మేలు. ఒకే మనిషిని ఒకచోట షేక్ అని, ఇంకోచోట ఎస్‌కే అని రాస్తే రెండు ఖాతాలవుతాయి. ప్రతి రైతుకీ ఒక నంబరివ్వండి.

రోజూ దుకాణం కట్టేసేముందు ఒక నకలు వేరేచోట దాచండి. ఇషా నమాజుకు వెళ్లేలోపే అయిపోయే పని. "సాఫ్ట్‌వేర్ ఎగిరిపోయింది భాయ్" అన్నంత మాత్రాన రైతు బాకీ మాఫ్ కాదు.