నమ్మనిదానివి, నీకెందుకు?

కిందటేడు ఒక స్వచ్ఛంద సంస్థ తన కార్యకర్తల కోసం పెట్టిన మూడు రోజుల శిబిరానికి ఆస్తి హక్కు గురించి మాట్లాడటానికి వెళ్ళాను. రెండో రోజు మధ్యాహ్నం మాట మాటా పెరిగి బహిష్టు దగ్గరికి, గుడి దగ్గరికి, పసుపు కుంకుమల దగ్గరికి వచ్చింది. నేను నాలుగు మాటలు అన్నానో లేదో, వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, మీరు దేవుణ్ణి నమ్మరు కదా, మరి ఇవన్నీ మీకెందుకండీ?" అనడిగింది. వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను నోరు తెరిచేలోపే సంస్థ బాధ్యురాలు కల్పించుకుని, "మనం మతం జోలికి పోవద్దమ్మా, ఊళ్ళో పని చెడిపోతుంది" అని ఆ చర్చ అక్కడితో ఆపేశారు. రాత్రి భోజనాల దగ్గర, పాతికేళ్ళుగా హేతువాద సభల్లో తిరుగుతున్న ఒక మిత్రుడు తన వంతు అందుకున్నారు. "భక్తులతో మతం గురించి చర్చేమిటండీ, గోడకి చెప్పుకోవడమే!"

ముగ్గురూ మూడు వైపుల నుంచి వచ్చి ఒకే చోట కలిశారు. నమ్మని స్త్రీకి మతం గురించి మాట్లాడే పని లేదు. ఆ అమ్మాయికి ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబు ఇది. మిగతా ఇద్దరితో తగువు కూడా.

ఈ వాదన శిబిరాల్లోనే కాదు, సుప్రీంకోర్టులోనూ వినపడింది. శబరిమలకి పది నుంచి యాభై ఏళ్ళ లోపు స్త్రీలని రానివ్వకపోవడం చెల్లదని 2018 సెప్టెంబరు 28న నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. అయిదో న్యాయమూర్తి, ఆ ధర్మాసనంలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ, జస్టిస్ ఇందూ మల్హోత్రా విభేదించారు. పిటిషను వేసినవాళ్ళు తాము అయ్యప్ప భక్తులమని చెప్పుకోవడం లేదు, ఆ గుడిలో పూజించే తమ హక్కుకి భంగం కలిగిందనీ అనడం లేదు, అలాంటప్పుడు వాళ్ళ పిటిషను ఎలా వింటాం అన్నది ఆమె అభ్యంతరాల్లో ఒకటి. బయటివాళ్ళ వ్యాజ్యాలకి ఇలా తలుపులు తెరిస్తే మైనారిటీ మతాలకి మరింత ప్రమాదమని కూడా అన్నారు. ఈ చివరి మాటని నేను కొట్టిపారెయ్యను, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. కానీ అదే తీర్పులో ఆమె సతి లాంటి దురాచారాలకి మినహాయింపు ఇచ్చారు. ఏది దురాచారం, ఏది విశ్వాసం? 1829లో చట్టం వచ్చేదాకా సతి కూడా విశ్వాసమే. అది దురాచారం అనిపించుకున్నది ఎవరో నోరు చేసుకుని అడిగాకే.

సరే, భక్తులే మాట్లాడాలి అనుకుందాం. ఎవరు భక్తులో తేల్చేదెవరు? ఆ అక్టోబరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 17వ తేదీన మన తూర్పు గోదావరి జిల్లా నుంచి కుటుంబంతో సహా వచ్చిన ఒకామె కొండ ఎక్కబోయింది. ఆమె ఏ సంఘం మనిషీ కాదు. దర్శనానికి వచ్చిన భక్తురాలు. నిరసనకారులు చుట్టుముట్టి వెనక్కి పంపారు. రెండు రోజుల తర్వాత హైదరాబాదు టీవీ జర్నలిస్టు ఒకరు, కొచ్చికి చెందిన మరొక స్త్రీ పోలీసు రక్షణతో దాదాపు గుడి దాకా వెళ్ళి వెనుదిరగాల్సి వచ్చింది. ఇది యాక్టివిస్టుల కోసం ఉన్న చోటు కాదు అన్నారు అప్పటి దేవస్వం మంత్రి. వామపక్ష ప్రభుత్వపు మంత్రి! భక్తురాలూ వెనక్కే, కార్యకర్తా వెనక్కే. భక్తి అనే టికెట్టు ఉంటేనే లోపలికి అని ఒప్పుకున్నామంటే, ఆ టికెట్టు చించేవాడి చేతికి అధికారం ఇచ్చినట్టే. ప్రశ్న అడిగిన మరుక్షణం నమ్మే స్త్రీ కూడా "నువ్వు నిజమైన భక్తురాలివి కావు" అనిపించుకుంటుంది. ఆచారాన్ని సమర్థించిన స్త్రీలు వేల మంది ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళ భక్తిని మాత్రం ఎవరూ పరీక్షించలేదు, గమనించారా?

నేను మతాన్ని వదిలేసినా అది నన్ను వదల్లేదు. ఇదేమీ కవిత్వం కాదు, చట్టం. హిందూ వివాహ చట్టం 1955 రెండో సెక్షను ప్రకారం ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కానివాళ్ళందరికీ అది వర్తిస్తుంది. దేవుడున్నాడా లేడా అని అది నన్ను అడగదు. పోనీ, పురోహితుడు లేకుండా 1954 స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్ళి చేసుకున్నాం, బయటపడ్డాం అనుకుంటే, 1976 సవరణ వచ్చి ఇద్దరూ హిందువులైతే వారసత్వానికి మళ్ళీ హిందూ చట్టమే అంది. ఆ వారసత్వ చట్టం పదిహేనో సెక్షను సంగతి మన కార్యకర్తల్లోనే చాలామందికి తెలియదు. పిల్లల్లేని వితంతువు వీలునామా రాయకుండా పోతే ఆమె స్వార్జితం ముందు భర్త వారసులకి పోతుంది, కన్నతల్లికి ఆ తర్వాతే. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోతే అత్తవారు వెళ్ళగొట్టిన ఒక స్త్రీ, పుట్టింట్లో చదువుకుని, ఉద్యోగం చేసి కూడబెట్టింది భర్త అక్కచెల్లెళ్ళ కొడుకులకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. నీకెందుకు అంటే, అందుకు!

అయినా చట్టం ఒక్కటే అయితే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. పదిహేనేళ్ళ కిందట నాన్న పోయారు. అప్పటికి నాకు డాక్టరేట్ వచ్చి ఏడాది. పదో రోజు తెల్లవారుజామున, ముత్తయిదువుల కంట పడకూడదని దీపాలు కూడా సరిగ్గా వెలిగించకుండా, పెరట్లో నూతి దగ్గర అమ్మని కూర్చోబెట్టారు. గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, మెట్టెలు తీసి, సూత్రాలు తెంపారు. చేసినవాళ్ళు ముందే వితంతువులైన మా మేనత్త, మరో ఇద్దరు. పంతులుగారు వాకిట్లో నిలబడి ఎప్పుడేం చెయ్యాలో కేకేసి చెబుతున్నారు. నేను వెనక గదిలో కిటికీ దగ్గర నుంచున్నాను. ఇదంతా నమ్మనిదాన్ని, ఇందులో నాకు పాత్ర లేదు, పాలు పంచుకోను, అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, అలా ఎడంగా నిలబడటం నా నిజాయితీ అని కొంచెం గర్వం కూడా పడ్డాను.

మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం బియ్యం ఏరుతూ అమ్మ అంది. "ఊరందరితో వాదిస్తావు. ఆ రోజు నీ నోరెందుకు పెగల్లేదే?"

"నాకు అవన్నీ నమ్మకం లేవు కదమ్మా."

"నాకుంది కదే. కాదంటే మీ నాన్నకి ఏం చెడు జరుగుతుందో, నీ తమ్ముడికేమవుతుందో అని భయపడే దాన్ని నేనెలా అంటాను? భయం లేనిదానివి నువ్వు. నువ్వనొచ్చుగా."

అమ్మ దేవుణ్ణి వదల్లేదు. నన్ను వదలమనీ, పట్టుకోమనీ అనలేదు. పంతులుగారితో తన తరఫున మాట్లాడే మనిషి కావలసి వచ్చింది, ఆ మనిషి కిటికీ వెనక నుంచుంది. భయం లేకపోవడం నాకు ఒక వసతి. దాన్ని నేను నా ఒక్కదాని కోసం దాచుకున్నాను. "మతం జోలికి పోవద్దు" అనే సంస్థ బాధ్యురాలికి నేను చెప్పేది ఇదే. ఊళ్ళో పని చెడిపోతుందన్న మీ భయం అర్థమవుతుంది, ఆ భయం లెక్క నాకూ తెలుసు. కానీ సంఘం సభ్యురాలు పదో రోజున నూతి దగ్గర కూర్చున్నప్పుడు మనం పొదుపు పుస్తకాలు రాసుకుంటూ ఉంటే, చెడకుండా మిగిలిన ఆ పని ఏమిటి?

ఇక హేతువాద మిత్రుడి సంగతి. దేవుడున్నాడా లేడా అన్న చర్చలో ఆయన ఎన్ని సభల్లో గెలిచారో లెక్కలేదు. గెలిచి ఇంటికెళ్ళి ఆవిడ వ్రతం చేసి పెట్టిన పులిహోర తింటారు. పులిహోర తినడం మీద నాకేం అభ్యంతరం లేదు, నేనూ తింటాను! అయితే ఆ ఇంట్లో ఉపవాసం ఉన్నదెవరు, ఎవరి ఆయుష్షు కోసం, ఆవిడ బహిష్టు రోజుల్లో ఎక్కడ పడుకుంటుంది అన్న ప్రశ్నలు ఆయన సభలో ఎప్పుడూ వినలేదు. శాస్త్రాన్ని శాస్త్రంతో ఓడించే పద్ధతిలోనూ ఇదే లోపం. బ్రిటిష్ కాలంలో సతి మీద జరిగిన వాదోపవాదాలని పరిశోధించిన లతా మణి చెప్పింది ఇదే. అటు సంస్కర్తలూ, ఇటు ఛాందసులూ, మధ్యన దొరలూ గ్రంథాలు తిరగేశారు. చితి మీది స్త్రీ ఆ చర్చకి కర్తా కాదు, చివరికి విషయమూ కాదు, చర్చ నడిచిన నేల మాత్రమే. ఈ పద్ధతి పోయిందనుకోకండి. కర్ణాటకలో హిజాబ్ నిషేధం మీద 2022 మార్చి 15న హైకోర్టు అది ఇస్లాంలో తప్పనిసరి ఆచారమా కాదా అని తేల్చింది, కాదంది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ ఇచ్చారు. వాళ్ళలో జస్టిస్ ధూలియా, ఆ తప్పనిసరి చర్చే అక్కర్లేదు, ఆడపిల్ల చదువు ఏమవుతుందో చూడాలి అన్నారు. నమ్మనివాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఆ రెండోది. ముసుగు నాకు నచ్చదు. నా నచ్చకపోవడం కోసం ఒక పిల్ల తరగతి గది బయట నిలబడాలా?

ఇక్కడే ఇందాక దాటేసిన మాటకి రావాలి. నేను నాస్తికురాలినే, కానీ అగ్రకుల హిందూ ఇంట్లో పుట్టినదాన్ని. నా నాస్తికత్వం ఆ పుట్టుకని కడిగెయ్యదు. మా ఇంటి నూతి దగ్గర నేను వేసే ప్రశ్నా, పొరుగు వీధి మసీదు ముందు వేసే ప్రశ్నా ఒక్కటి కాదు. 1985లో షాబానో తీర్పు, 1986లో ముస్లిం స్త్రీల చట్టం వచ్చినప్పుడు మనం స్త్రీల మనోవర్తి గురించే మాట్లాడుతున్నాం అనుకున్నాం. మన నినాదాన్ని ఎవరెవరు ఎత్తుకుపోయారో తొంభైలలో చూశాం. ఉమ్మడి పౌరస్మృతి కోరిక వెనక ఎవరి రాజకీయాలున్నాయో చూసుకోమని హైదరాబాదు అన్వేషి 1997లోనే హెచ్చరించింది. కనుక అక్కడ నా పని ముందు నడవడం కాదు. హాజీ అలీ దర్గా లోపలికి స్త్రీలని రానివ్వాలని కోర్టుకెళ్ళింది భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్. బొంబాయి హైకోర్టు 2016 ఆగస్టులో వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. వాళ్ళు నమ్మేవాళ్ళే, అలాగే వెళ్ళారు. వెనక నిలబడి పిలిస్తే పలకడం కూడా చర్చలో ఉండటమే. అయితే జాగ్రత్త పేరుతో మౌనం వహించడానికి దీన్ని వాడుకునేవాళ్ళతో నాకు పేచీ. జాగ్రత్త అంటే ఎవరి వెంట నిలబడాలో తెలుసుకోవడం.

మన దగ్గరే ఉదాహరణలున్నాయి. నాస్తిక కేంద్రం కుటుంబంలోని హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య పనిచేశారు. అమ్మాయిని, అదీ దాదాపు ఎప్పుడూ దళితుల అమ్మాయిని, దేవత పేరు చెప్పి ఊరికి వదిలెయ్యడం నమ్మకం మీదే నడిచింది. 1988లో ప్రభుత్వం నిషేధ చట్టం చేసింది. చట్టం కాగితం మీద ఉంటుంది, దేవత ఊళ్ళో ఉంటుంది. నమ్మేవాళ్ళతో మాట్లాడనంటే అక్కడ మాట్లాడటానికి ఇంకెవరున్నారు? 2022 మేలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామసభ, భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మెట్టెలూ సూత్రాలూ తియ్యడం మానెయ్యాలని తీర్మానించింది. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలనీ ఆ దారిన నడవమంది. ఆ ఊరు నాస్తికుల ఊరు కాదు, దేవుడు లేడని తీర్మానించనూ లేదు. ఆ వార్త పేపర్లో చదివి అమ్మకి వినిపించాను. కాసేపు ఏమీ అనకుండా కూర్చుని, ఆ కాగితం తన పెట్టెలో పెట్టుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అమ్మ నాకు ఒక పని అప్పజెప్పింది. తమ్ముడు అమెరికా నుంచి వచ్చేసరికి ఏ వేళవుతుందో, తలకొరివి నేనే పెట్టాలట. మంత్రాలు ఉండాలి, కర్మ అంతా జరగాలి. నమ్మకపోతే నమ్మకపోయావు, పంతులుగారితో ముందే మాట్లాడి పెట్టుకో అంది. హేతువాద మిత్రుడు దీన్ని రాజీ అంటున్నారు. కావచ్చు, నాకూ పూర్తిగా తేలలేదు. పంతులుగారి దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు వాకిట్లో కేకేసిన ఆయన కొడుకు ఈయన. ఆడపిల్ల పెట్టొచ్చో లేదో పుస్తకం చూసి చెబుతానన్నారు. పుస్తకం సంగతి తర్వాత, ముందొకసారి వచ్చి మా అమ్మతో మాట్లాడండి అన్నాను. సరే అన్నారు గానీ రాలేదు. రెండు నెలలైంది. వచ్చే వారం మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి అమ్మ కూడా వస్తానంటోంది.